చెరువు ఒక్కటే, మడులు వేరు

భజన పుస్తకం ఎప్పుడైనా తెరిచి చూశారా? రామాలయం గూట్లో, హార్మోనియం పెట్టె పక్కన, అట్ట ఊడిపోయి, నూనె మరకలు పడి ఉంటుంది. అందులో చాలా పాటల నెత్తిన చిన్న అక్షరాలతో ‘వరస’ అని రాసి, పక్కన ఇంకో పాట పేరు ఉంటుంది. పాత కీర్తన కావచ్చు, సినిమా పాట కావచ్చు. స్వరాలు రాసి ఉండవు. ఈ పాటను ఆ పాటలాగా పాడుకోండి అని చెప్పడం అది. ఆ ఒక్క పేరు చాలు. హార్మోనియం ముందు కూర్చున్నాయనకు అర్థమవుతుంది, డోలక్ ఆయనకు అర్థమవుతుంది, ఆ పాట అంతకు ముందు ఎన్నడూ వినని కుర్రాడు కూడా రెండో చరణానికల్లా వంత అందుకుంటాడు.

శింగనమల చుట్టుపట్ల పల్లెల్లో పుట్టినవాళ్ళకు ఇది ఒకరు చెప్పవలసిన సంగతి కాదు. ఒకే వరస మీద రాముడి పాట ఉంటుంది, ఆంజనేయుడి పాట ఉంటుంది, అయ్యప్ప మాల వేసుకున్న నెలలో అయ్యప్ప పాట ఉంటుంది. ఎన్నికలు వస్తే ఆటోకు మైకు కట్టి అదే వరస మీద అభ్యర్థి పాట వినిపిస్తారు. ‘ఇది ఆ పాట వరస కదా’ అని అందరూ గుర్తుపడతారు. గుర్తుపట్టడంలో ఒక సంతోషం ఉంటుంది తప్ప ఎవరూ దాన్ని తప్పుగా ఎంచరు.

ఇదే అలవాటును సముద్రాల అవతల ఒక చిన్న దేశం చేరదీసి, దాని మీద ఒక మహా సంగీతాన్ని నిలబెట్టింది. ఆ దేశం జమైకా, ఆ సంగీతం రెగే. మన యువకుల టీషర్టుల మీద జడల జుట్టుతో కనిపించే బాబ్ మార్లీ ఆ సంగీతంవాడే. జమైకా విస్తీర్ణం దాదాపు 11,000 చదరపు కిలోమీటర్లు. 2022లో విడిపోక ముందు అనంతపురం జిల్లా 19,000 పైచిలుకు. అంటే మన పాత జిల్లాలో సగానికి కాస్త ఎక్కువ ఆ దేశమంతా. అంత చిన్న చోటు నుంచి వచ్చిన సంగీతాన్ని 2018లో యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ సంగీతం నడిచే పద్ధతి మనకు బాగా తెలిసిన పద్ధతే అని చూపించడానికి ఈ నాలుగు మాటలు.

జమైకావాళ్ళు ‘రిడిమ్’ అంటారు. రిథమ్ అనే ఇంగ్లీషు మాటకు వాళ్ళ నోట వచ్చిన రూపం అది. అయితే అర్థం మారింది. వాళ్ళ వాడుకలో రిడిమ్ అంటే లయ ఒక్కటే కాదు. గొంతు లేకుండా రికార్డు చేసిన వాయిద్యం మొత్తం. అందులో ప్రాణం బేస్ గిటార్‌ది. లావు తీగల మీద నాలుగైదు స్వరాల చిన్న ముక్కను పాట పొడవునా తిప్పి తిప్పి వాయిస్తారు. దానికి తోడు డ్రమ్ములు. వాటి మీద గిటార్‌గానీ కీబోర్డుగానీ దెబ్బకూ దెబ్బకూ నడుమ ‘చక్’ మని కోసినట్టు పడుతుంది. ఇంతే సరంజామా. దీనికి ఒక పేరు పెడతారు. ఆ తర్వాత దాని మీద ఎవరైనా వచ్చి పాడతారు. ఒకాయన దేవుడి మీద, ఒకామె ప్రేమ మీద, ఇంకొకాయన బియ్యం ధర మీద. పాట పాటకూ మాటలు మారతాయి, రాగం కూడా మారుతుంది. కింద వాయిద్యం మాత్రం కదలదు.

మన వరసకూ వాళ్ళ రిడిమ్‌కూ తేడా ఇక్కడే ఉంది. వరసలో మనం గొంతు నడిచే దారిని పంచుకుంటాం. రిడిమ్‌లో వాళ్ళు గొంతు కిందున్న నేలను పంచుకుంటారు, దాని మీద ఎవరి దారి వాళ్ళు తీసుకుంటారు. ఆ లెక్కన రిడిమ్‌కు అసలు చుట్టం చెక్క భజనలో ‘అడుగు’. గురువు ఒక అడుగు చెబుతాడు. గజ్జెలు, చేతుల్లో బిళ్ళల చెక్కలు, డోలక్, తాళాలు కలిసి ఆ అడుగు మీద స్థిరపడతాయి. ఆ నడక కుదిరాక దాని మీద ఏ పాటైనా ఎత్తుకోవచ్చు. పాట మారినా కాళ్ళు ఆగవు. చెక్క భజన చూసినవాడికి రిడిమ్ సగం అర్థమైనట్టే.

మిగతా సగం లయలో ఉంది. రెగేలో ‘వన్ డ్రాప్’ అనే నడక చాలా పేరున్నది. నాలుగు దెబ్బలు లెక్కపెట్టండి. మనమైతే మొదటి దెబ్బ మీద బరువు వేస్తాం. వాళ్ళు మొదటి దెబ్బను ఖాళీగా వదిలేస్తారు. పెద్ద డ్రమ్ము మూడో దెబ్బ మీద పడుతుంది. వినేవాడి ఒళ్ళు ఆ మొదటి దెబ్బ కోసం ముందుకు ఒరుగుతుంది, అది రాదు, మూడో దాని మీద వచ్చి దిగుతుంది. ఆ ఒరగడంలోనే ఆ సంగీతపు ఊపంతా ఉంది. తాళం మొదలైన తర్వాత పాట ఎత్తుకోవడాన్ని మన సంగీత శాస్త్రంలో అనాగతం అంటారు. రెండూ ఒకటి కావుగానీ, ఖాళీని కూడా వాయిద్యంగా వాడుకోవచ్చన్న తెలివి రెండింటిలోనూ ఉంది. ఖాళీ ఉంది కాబట్టే గొంతుకు చోటుంది. అన్ని దెబ్బలూ నింపేసిన వాయిద్యం మీద పదిమంది పదిరకాలుగా పాడలేరు. రిడిమ్ కట్టేవాడి పనితనం ఎంత వాయించాడన్న దాంట్లో కన్నా ఎంత వదిలిపెట్టాడన్న దాంట్లో తెలుస్తుంది.

ఇదంతా ఎలా మొదలైంది? 1950ల నుంచే జమైకా రాజధాని కింగ్‌స్టన్ వీధుల్లో ‘సౌండ్ సిస్టమ్’లు ఉండేవి. మన జాతరల్లో, పెళ్ళిళ్ళలో మైక్‌సెట్టువాళ్ళలాంటివాళ్ళే. బీరువాలంత స్పీకర్లు బండికెత్తుకొచ్చి ఖాళీ స్థలంలో నిలబెట్టి రికార్డులు వేసేవాళ్ళు. రేడియో తమ పాటలు వేయని బీదవాళ్ళకు అదే కచేరీ. వాళ్ళ మధ్య పోటీ ఉండేది. ఎవరి దగ్గర కొత్త రికార్డుంటే జనం వాళ్ళవైపు పోయేవాళ్ళు. 1967-68 ప్రాంతంలో స్పానిష్ టౌన్ అనే ఊళ్ళో మైక్‌సెట్టు నడిపే రడ్డీ రెడ్‌వుడ్ కోసం ఒక పాట కాపీ తీస్తుండగా, పొరపాటున గొంతు లేకుండా వాయిద్యం మాత్రమే డిస్కులోకి ఎక్కిందని చెబుతారు. ఆయన దాన్ని పారేయకుండా ఆ రాత్రి వేశాడు. ముందు పాట మామూలుగా వేసి, వెంటనే గొంతులేని డిస్కు పెట్టాడు. మైదానంలో ఉన్న జనమే పాట అందుకున్నారు. అక్కడి నుంచి రికార్డుకు ఒకవైపు పాట, రెండోవైపు గొంతు తీసేసిన వాయిద్యం వేయడం ఆనవాయితీ అయింది. ఆ రెండోవైపుకు ‘వర్షన్’ అని పేరు.

ఖాళీ కనబడితే ఊరుకునే మనిషి ఉండడు కదా. 1970లో యూ-రాయ్ అనే ఆయన డ్యూక్ రీడ్‌కు చెందిన ట్రెజర్ ఐల్ స్టూడియోలో పాత పాటల వాయిద్యాల మీద మాట్లాడుతూ, కేకలేస్తూ, లయ తప్పకుండా మాటలు అల్లుతూ పాడిన పాటలు ఆ దేశాన్ని ఊపేశాయి. రికార్డు తిప్పేవాడి పక్కన మైకు పట్టుకుని జనాన్ని ఉషారు పెట్టే మనిషి కళాకారుడైపోయాడు. ఇవాళ లోకమంతా పాకిన ర్యాప్‌కు అక్కడొక వేరు ఉంది.

ఈ పద్ధతికి పెద్ద పెన్నేరు మాత్రం స్టూడియో వన్. 1963లో కింగ్‌స్టన్‌లో బ్రెంట్‌ఫర్డ్ రోడ్డు మీద క్లెమెంట్ ‘కాక్సన్’ డాడ్ పెట్టిన స్టూడియో అది. జాకీ మిట్టూ కీబోర్డు, లెరోయ్ సిబుల్స్ బేస్ గిటార్, ఇంకొందరు. సౌండ్ డైమెన్షన్ అనే వాయిద్య బృందం పేరుతో వాళ్ళు అక్కడ రికార్డు చేసిన వాటిలో ఒకటి ‘రియల్ రాక్’. 1960ల చివర్లో వచ్చింది. గొంతు లేదు, కథ లేదు, నాట్యానికి పనికొచ్చే సరదా వాయిద్యం. పదేళ్ళ తర్వాత విల్లీ విలియమ్స్ అనే గాయకుడు అదే వాయిద్యం మీద ‘అర్మగిడియన్ టైమ్’ పాడాడు. ఆ పాట ఆకలి గురించి, న్యాయం దొరకని జనం గురించి. 1979లో ఇంగ్లండులోని ద క్లాష్ అనే బృందం కూడా దాన్ని పాడుకుంది. అదే ఏడు, అదే ‘రియల్ రాక్’ మీద మిచిగన్, స్మైలీ అనే జంట నాట్యస్థలాన్ని ఉత్సాహపరిచే పాట ఇచ్చింది. ఒకే బేస్ తీగ ముక్క. ఒకచోట కడుపు కాలినవాడి కింద నడిచింది, ఇంకోచోట ఆడిపాడేవాళ్ళ కింద నడిచింది.

ఇక్కడ నాకు శింగనమల చెరువు గుర్తొస్తుంది. శ్రీరంగరాయల పేరు మీదున్న చెరువు. వానలు ముఖం చాటేసిన ఏళ్ళలో అడుగు కనిపిస్తుంది, మరవ పారిన ఏడు ఊరంతా కట్ట మీదే ఉంటుంది. సాలుకు 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లా ఇది, అదీ నమ్మకం లేదు. ఈ నేలలో చెరువు ఎవరి సొంతమూ కాదు, కానీ అందరి బతుకూ దానిదే. తూము ఎత్తితే ఒకే నీరు కాలువలో పారుతుంది. ఒక మడిలో వరి పండుతుంది, పక్క మడిలో కూరగాయలు, ఇంకొంచెం అవతల చీనీ చెట్లు. నీరు ఒకటే కదా, పంట కూడా ఒకటే అని ఎవరైనా అంటారా? రిడిమ్ మీద పాడిన పాటలన్నీ ఒకేలా ఉంటాయని తీసిపారేసేవాళ్ళకు నేను చెప్పే జవాబు ఇదే.

1970లలో రెగే బాగా లోతుకు దిగింది. దాన్ని ‘రూట్స్’ అంటారు, అంటే వేళ్ళు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల వారసులు తమ మూలాన్ని తలుచుకుంటూ, ఇథియోపియాను పుణ్యభూమిగా భావిస్తూ, రాస్తఫారి మార్గంలో పాడిన పాటలవి. మన తత్వాలకు దగ్గరి చుట్టాలు. కదిరి పక్క కటారుపల్లి వేమన పేరు తెలిసిన జిల్లావాళ్ళకు ఆ ధోరణి కొత్త కాదు. అబిసీనియన్స్ అనే ముగ్గురు గాయకులు 1969లో స్టూడియో వన్‌లో ‘సట్టా మస్సగనా’ అనే స్తుతి పాట రికార్డు చేశారు. స్టూడియో దాన్ని బయటికి తేలేదు. వాళ్ళే ఆ టేపు కొనుక్కుని, క్లించ్ అనే సొంత లేబుల్ మీద 1971లో విడుదల చేశారు. అది రాస్తఫారుల ప్రార్థనగీతంలా అయిపోయింది. ఆ పాట కింది వాయిద్యం మీద ఆ తర్వాత ఎందరో పాడారు, మాట్లాడారు, ఊదారు, మీటారు. అబిసీనియన్స్ తామే తమ రిడిమ్ మీద మళ్ళీ మళ్ళీ కొత్త రూపాలు తెచ్చారు. 1974లో రూపీ ఎడ్వర్డ్స్ అనే నిర్మాత ఇంకో అడుగు ముందుకు వేసి, ఒకే ఒక్క రిడిమ్ మీద పాడిన పాటలతో ఒక పూర్తి ఆల్బమ్ తెచ్చాడు. దాని పేరు ‘యమహా స్కాంక్’. అటువంటి ఆల్బమ్‌లలో అదే మొదటిదని చెబుతారు.

ఎందుకిలా? ఒకటి బీదరికం. వాయిద్యకారులను పిలిపించి, గంటల లెక్కన స్టూడియోలో కూర్చోబెట్టి ప్రతి పాటకూ కొత్త వాయిద్యం కట్టించాలంటే ఖర్చు. ఒకసారి కట్టించిన వాయిద్యం మీద పదిమందిని పాడిస్తే ఖర్చు పదోవంతు. రెండోది నాట్యం. మైక్‌సెట్టు దగ్గర ఒకే రిడిమ్ మీది పాటలను ఒకదాని వెనక ఒకటి గుచ్చినట్టు వేస్తారు. ఊపు తెగదు, ఆడేవాళ్ళ కాళ్ళు ఆగవు. కోలాటం వేసేవాళ్ళకు దీని విలువ చెప్పనక్కరలేదు.

మూడో కారణం చెవిది. నన్నడిగితే అసలు కారణం ఇదే. కింద వాయిద్యం తెలిసినదైతే వినేవాడి మనసు దాన్ని పట్టుకునే పనిలో ఉండదు. నేరుగా మాట మీదికి పోతుంది. పాత పాట తాలూకు జ్ఞాపకం కొత్త పాట వెనక నీడలా నిలబడుతుంది. ఒక గాయకుడు ఆ రిడిమ్ మీద ఒక మాట అంటే, వారం తిరక్కుండా ఇంకొకడు అదే రిడిమ్ మీద జవాబు చెబుతాడు. వాయిద్యం రచ్చబండ అయిపోతుంది.

మన పక్క చూడండి. తెలంగాణలో బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడే పాటల్లో ‘ఉయ్యాలో’ అని ముగిసే వరస ఒకటి ఉంది. ఆ ఒక్క వరస మీద పురాణ కథ పాడతారు, అత్తింటి కష్టం పాడతారు, ఉద్యమకాలంలో ఉద్యమాన్నీ పాడారు. కొత్త పాట నేర్చుకోవడానికి ఎవరికీ ఒక పూట కూడా పట్టదు, ఎందుకంటే సగం పాట అప్పటికే అందరి ఒంట్లో ఉంది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్ల సుద్దుల్లాంటి జానపద రూపాలనే తీసుకుని అందులో వెట్టిచాకిరీ కథ నింపారు. తర్వాత గద్దర్, జననాట్యమండలి కళాకారులు పల్లె వరసలనే ఎత్తుకుని రాజకీయం చెప్పారు. కొత్త బాణీ కట్టలేక కాదు. జనం గొంతులో అప్పటికే ఉన్న దారి మీద మాట వేగంగా పోతుందని తెలిసి.

మన కరువు సీమలో కప్పతల్లి ఆట ఉండనే ఉంది. వాన రాని ఏడు పిల్లలు రోకలికి వేపమండలతో కప్పను కట్టి ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంటామె బిందెడు నీళ్ళు పోస్తుంది. ఊరూరికీ పాటలో మాటలు వేరు, ఆ ఊరి వంకల పేర్లు, దేవుళ్ళ పేర్లు వచ్చి చేరతాయి. నడక దాదాపు ఒకటే.

దీనికి తలకిందులైన పద్ధతి కూడా మనకుంది, అది చెప్పకపోతే ఈ ముచ్చట పూర్తికాదు. పద్య నాటకం. తిరుపతి వేంకట కవులు రాసిన పాండవోద్యోగ విజయాల పద్యాలు తెలుగునాట తెలియని ఊరు లేదు. అక్కడ మాట కదలదు, రాగం కదులుతుంది. పద్యం ఒకటే. కృష్ణుడి వేషం కట్టిన ప్రతి నటుడూ దాన్ని తన రాగంలో, తన గొంతు సత్తువ కొద్దీ సాగదీస్తాడు. జనం పద్యం కోసం రారు, అది వాళ్ళకు కంఠతా వచ్చు. ఈయన ఎలా ఎత్తుకుంటాడో వినడానికి వస్తారు. నచ్చితే ‘వన్స్‌మోర్’ అని అరిచి మళ్ళీ పాడిస్తారు. జమైకా మైక్‌సెట్టు దగ్గర కూడా ఇదే జరుగుతుంది. పాట మొదటి నాలుగు మాటలు నచ్చితే జనం కేకలేస్తారు, రికార్డు వెనక్కి తిప్పి మళ్ళీ మొదటి నుంచి వేస్తారు. తెలిసినదాన్ని కొత్తగా వినడంలో ఉన్న ఆనందం, కొత్తదాన్ని మొదటిసారి వినడంలో ఉండదు. మన పెద్దలకు ఇది తెలుసు, జమైకావాళ్ళకూ తెలుసు. ప్రతి పాటా పూర్తిగా కొత్తదై ఉండాలన్న పట్టుదల మనకు రికార్డు కంపెనీల కాలంలో వచ్చిందని నా నమ్మకం.

1985లో జమైకాలో ఒక విచిత్రం జరిగింది. నోయెల్ డేవీ అనే కుర్రాడి దగ్గర క్యాసియో ఎంటీ-40 అనే చిన్న ప్లాస్టిక్ కీబోర్డు ఉండేది, పిల్లలు ఇంట్లో వాయించుకునే రకం. అందులో మీట నొక్కితే దానంతటదే మోగే లయలు కొన్ని ఉన్నాయి. వాటిలో ‘రాక్’ అన్న లయ మీద అతనూ గాయకుడు వేన్ స్మిత్‌ కలిసి ఒక పాట కట్టారు. ప్రిన్స్ జామీ అనే నిర్మాత దాని వేగం తగ్గించి రికార్డు చేశాడు. అదే ‘స్లెంగ్ టెంగ్’ రిడిమ్. బేస్ గిటార్ వాయించే మనిషి లేడు, డ్రమ్ములు కొట్టే మనిషి లేడు. దాని మీద వందల పాటలు వచ్చాయి, జమైకా సంగీతమే కంప్యూటర్ బాట పట్టింది. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, ఆ లయను కీబోర్డులో పొదిగింది ఒకుడా హిరోకో అనే జపాన్ యువతి అని. 1980లో క్యాసియోలో చేరిన ఆమెకు అది ఉద్యోగంలో తొలి పని. ఇంకో సంగతి వినండి. కాలేజీలో ఆమె పరిశోధన వ్యాసం రాసింది రెగే మీదే. కింగ్‌స్టన్ నుంచి టోక్యోకు పోయిన పాట, ప్లాస్టిక్ పెట్టెలో కూర్చుని మళ్ళీ కింగ్‌స్టన్ చేరింది.

మన దేశపు పేరున్న రిడిమ్ కూడా ఒకటుంది. 2002లో స్టీవెన్ ‘లెంకీ’ మార్స్‌డెన్ కట్టిన దాని పేరు ‘దివాలి’. చప్పట్లే దానికి ప్రాణం. దాని మీద షాన్ పాల్ పాడిన ‘గెట్ బిజీ’ 2003లో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. అదే చప్పట్ల మీద వేన్ వండర్ ఒక ప్రేమపాట పాడాడు, అదీ లోకమంతా తిరిగింది. 1845 నుంచి మన దేశపు కూలీలు ఓడలెక్కి జమైకా చెరకు తోటలకు పోయారు. అక్కడ దీపావళి అన్న మాట పరాయిది కాదు.

ఇంతవరకూ పంచుకోవడం గురించి చెప్పాను. పంచుకున్నదానిలో ఎవరికెంత దక్కిందన్నది వేరే లెక్క. అక్కడ మనసు చివుక్కుమంటుంది.

చెరువు అందరిదీ అన్నాను. కానీ చెరువుకు నీరుగంటి ఉంటాడు. ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో చూసేవాడు, రాత్రిపూట లాంతరు పట్టుకుని కాలువ వెంట తిరిగేవాడు. పంట కల్లంలోకి వచ్చినప్పుడు ఆయన మేర ఆయనకు కొలిచి ఇవ్వడం మన ఊళ్ళ కట్టుబాటు. రిడిమ్‌ల విషయంలో ఈ మేర కొలవడం జరగలేదు. బేస్ గిటార్ మీటినవాడికి, డ్రమ్ము వాయించినవాడికి ఆ రోజు కూలీ ముట్టింది. ఆ వాయిద్యం మీద తర్వాత ముప్పై ఏళ్ళపాటు వందల పాటలు పండినా వాళ్ళకు గింజ రాలేదు. హక్కు నిర్మాత పేరు మీద ఉండిపోయింది. జమైకాకు సొంత కాపీరైట్ చట్టం వచ్చిందే 1993లో. అప్పటిదాకా 1911 నాటి ఇంగ్లండు చట్టమే దిక్కు.

పాడినవాళ్ళ గతీ గొప్పగా లేదు. విన్‌స్టన్ రైలీ 1970ల మొదట్లో నిర్మించిన ‘స్టాలగ్’ అనే రిడిమ్ మీద 1982లో సిస్టర్ నాన్సీ ‘బామ్ బామ్’ పాడారు. మగవాళ్ళు నిండిన ఆ మైకుల లోకంలో మైకు పట్టుకున్న తొలి ఆడవాళ్ళలో ఆమె ఒకరు. ఆ పాట ప్రపంచమంతా తిరిగింది, సినిమాల్లో వాడారు, ర్యాప్ పాటల్లో ముక్కలు కోసి పెట్టుకున్నారు. ఆమె అమెరికాలో బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ బతికారు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ పాట తాలూకు సొమ్ము ఆమెకు అందలేదు. 2014లో టీవీలో ఒక బూట్ల ప్రకటనలో తన గొంతే వినిపిస్తే అప్పుడు లాయరును పట్టుకుని, హక్కుల్లో సగం రాబట్టుకున్నారు.

ఈ కథలో మనకు పనికొచ్చేది ఉంది. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించారు. సినిమాలో వాడిన పాట బయట మోగినప్పుడల్లా రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీలో వాటా రావాలని అందులో స్పష్టం చేశారు. మంచిదే. అయితే పల్లె వరసకు కట్టినవాడి పేరు తెలియదు. తెలియనివాడి వాటా ఎవరూ పక్కన పెట్టరు. ఈమధ్య జానపద పాటలు యూట్యూబ్‌లో కోట్లమంది వింటున్నారు. వరస ఊరిది, అడుగు ఊరిది, పాడి నేర్పింది ఎవరో ముసలమ్మ. తెర మీద పడే పేర్లలో నిర్మాత ఉంటాడు, ఎడిటింగ్ చేసినవాడు ఉంటాడు, డ్రోన్ ఎగరేసినవాడు కూడా ఉంటాడు. ఆ ముసలమ్మ ఉండదు, డోలక్ వాయించినాయన ఉండడు.

వరసను తాళం వేసి దాచమని నేననడం లేదు. దాచిన చెరువు ఎవరి మడికీ అందదు. ఎవరైనా పాడుకోవచ్చన్న ఆ స్వేచ్ఛ వల్లే మన భజన గుళ్ళు ఇన్నాళ్ళు బతికాయి, ఆ స్వేచ్ఛ వల్లే జమైకా లోకాన్ని గెలిచింది. అందరూ వాడుకోవాలి. వాడుకున్నవాళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో చెప్పాలి, పైసలు వస్తే మేర కొలవాలి. జమైకావాళ్ళు ఒక మేలు చేశారు. ప్రతి రిడిమ్‌కూ పేరు పెట్టారు. అందుకే యాభై ఏళ్ళ తర్వాత కూడా ఫలానా పాట ‘రియల్ రాక్’ మీదిది, ఫలానాది ‘స్టాలగ్’ మీదిది అని వేలు పెట్టి చూపించగలుగుతున్నారు, హక్కు అడగగలుగుతున్నారు. మన అడుగుల్లో చాలావాటికి పేర్లు గురువుల నోట్లోనే ఉన్నాయి, కాగితం మీద లేవు.

శింగనమల మండలంలోనూ చుట్టుపక్కలా చెక్క భజన నేర్చుకుంటున్న పిల్లలకు ఒక మనవి. ఈసారి శ్రీరామనవమికి మీ భజన ఫోనులో తీసి పైకి ఎక్కించేటప్పుడు, పాట పేరు కింద ఇంకో మూడు పంక్తులు రాయండి. ఏ అడుగు, ఎవరు నేర్పారు, డోలక్ ఎవరిది.